వేసవి మొదట్లో కొండ సరస్సుకు నడక: మంచు, వాగు, బయలుదేరే వేళ

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. నడక మొదలయ్యే చోటు 1,800 మీటర్ల ఎత్తులోనూ సరస్సు 3,000 మీటర్ల ఎత్తులోనూ ఉన్నాయి. ఒకవైపు దూరం తొమ్మిది కిలోమీటర్లు. జూన్ రెండో వారంలో నలుగురు కలిసి వెళ్లాలనుకుంటున్నారు, అందులో ఇద్దరికి మంచు మీద నడిచిన అనుభవం లేదు. కింద మంచు ఆనవాలే లేదని తెలిసింది, నిరుడు ఇదే వారంలో ఎవరో తీసిన ఫొటోల్లో బాట పొడిగా కనిపించింది, కాబట్టి మామూలు ట్రెకింగ్ బూట్లతో ఉదయం ఎనిమిదికి బయలుదేరి సాయంత్రానికి తిరిగి రావచ్చా అన్నది మీ ప్రశ్న. మీరు వెళ్లేది ఉత్తరార్ధగోళంలోని కొండలకు కాబట్టి దిక్కులనూ నెలలనూ ఆ లెక్కనే చెబుతున్నాను. దక్షిణార్ధగోళంలో నడిచేవారు ఉత్తరం అన్నచోట దక్షిణమనీ, జూన్ అన్నచోట డిసెంబరు అనీ మార్చుకుని చదువుకోవాలి.

ఈ ఏర్పాటుతో వెళ్లవద్దనే నేను చెబుతాను. సరస్సుకు వెళ్లాలనుకోవడంలో ఇబ్బందేమీ లేదు. ఎనిమిదింటికి బయలుదేరడంలోనూ, కింద ఉన్నదాన్ని చూసి పైన ఉన్నదాన్ని ఊహించడంలోనూ ఉంది చిక్కంతా. తొమ్మిది కిలోమీటర్లలో ఎనిమిది కిలోమీటర్లు పువ్వులు పూసిన పచ్చిక మధ్య హాయిగా సాగిపోవచ్చు. ప్రయాణం సాగుతుందా లేదా అన్నది మాత్రం ఆ మిగిలిన కిలోమీటరూ, మధ్యలో అడ్డుపడే ఒకటి రెండు వాగులూ తేలుస్తాయి. పైగా ఈ రెండూ ఒకదానికొకటి పొసగవు. వాగు తెల్లవారుజామునే దాటమంటుంది, మంచు కాస్త ఎండ తగిలి మెత్తబడ్డాక రమ్మంటుంది. వేసవి తొలి వారాల్లో కొండ సరస్సులకు నడిచేవాళ్లు ప్రధానంగా తేల్చుకోవలసింది ఈ పేచీనే. అందుకే బాట తెరుచుకుందా లేదా అని కాకుండా, ఏ వాలు మీదికి ఏ గంటకు చేరతాం, ఏ వాగు దగ్గరికి ఏ గంటకు తిరిగి వస్తాం అని లెక్క వేసుకోవాలి.

సరస్సు చుట్టుపక్కలే మంచు మిగతా చోట్లకంటే ఆలస్యంగా ఎందుకు కరుగుతుందో మొదట చూద్దాం. గాలి ఉష్ణోగ్రత సగటున వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుంది. మీ 1,200 మీటర్ల ఎక్కుడుకు అది దాదాపు ఎనిమిది డిగ్రీల తేడా. అయితే ఎత్తుతోనే కథ అయిపోదు. ఎత్తైన కొండల్లోని సరస్సుల్లో చాలా భాగం పూర్వం హిమానీనదాలు తొలిచిన దొప్పల్లాంటి గుంటల్లో నిలిచినవి. మూడు వైపులా నిటారు గోడలు, ఒకవైపు రాతి గడప, ఆ గడప మీదుగా సరస్సు నీరు కిందికి దూకుతూ ఉంటుంది. ఎండ తక్కువగా తగిలే చోటే హిమానీనదాలు ఎక్కువకాలం నిలిచాయి కాబట్టి, ఉత్తరార్ధగోళంలో ఇలాంటి దొప్పలు ఎక్కువగా ఉత్తరానికో ఈశాన్యానికో తెరుచుకుని ఉంటాయి. చలికాలమంతా శిఖరాల మీది మంచును గాలి తోసుకొచ్చి ఆ దొప్పలోనే పోస్తుంది, పక్క గోడల మీది నుంచి విరిగి జారే మంచు కూడా అందులోకే దిగుతుంది. అంటే చుట్టుపక్కల ఎక్కడా లేనంత మంచు పేరుకునే చోటూ, ఎండ అతి తక్కువగా పడే చోటూ ఒకటే, మీ బాట చివరికి చేరేదీ అక్కడికే. కింద దక్షిణపు వాలు మీద నేల ఎండి దుమ్ము లేస్తున్న రోజున కూడా గడప కింది ఆఖరి రెండు మూడు వందల మీటర్ల ఎక్కుడు పూర్తిగా మంచు కింద ఉండవచ్చు.

ఎండలు ఇంతగా కాస్తుంటే మంచు ఇన్నాళ్లు ఎలా నిలుస్తుందని అనుమానం రావచ్చు. సున్నా డిగ్రీల దగ్గరున్న ఒక కిలో మంచు నీరుగా మారడానికి సుమారు 334 కిలోజౌళ్ల వేడి కావాలి. అదే వేడితో సున్నా దగ్గరున్న కిలో నీటిని ఎనభై డిగ్రీల దాకా కాచవచ్చు. పైగా కొత్త మంచు తనమీద పడిన వెలుగులో ఎనభై శాతానికి పైగా తిప్పికొడుతుంది. పాతబడి, దుమ్ము పట్టిన తర్వాత ఆ వాటా సగానికి పడిపోతుంది, అప్పటి నుంచే కరగడం జోరందుకుంటుంది. ఏ ఏడాది ఆ మార్పు ఎప్పుడు మొదలవుతుందన్నది చలికాలంలో ఎంత మంచు పడింది, వసంతం చివర్లో మళ్లీ కొత్త మంచు కురిసిందా, మబ్బులు ఎన్నాళ్లు పట్టాయి అన్నవాటిని బట్టి ఉంటుంది. ఒకే సరస్సుకు రెండు వరుస సంవత్సరాల్లో మంచు వదిలే తేదీ కొన్ని వారాల తేడాతో ఉండటం వింతేమీ కాదు. అందుచేత నిరుటి ఫొటోలను పక్కన పెట్టండి. అవి బాట ఆనవాళ్లు గుర్తుపట్టడానికి పనికొస్తాయి, ఈ ఏటి స్థితి చెప్పడానికి పనికిరావు.

ఈ ఏటి స్థితి తెలుసుకునే దారులు వేరే ఉన్నాయి. ఐరోపా అంతరిక్ష సంస్థ వారి సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. ఒకే చోటును సుమారు ఐదు రోజులకొకసారి తీస్తాయి, చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద పది మీటర్లకు సమానం. మబ్బు లేని తాజా చిత్రాన్ని తెరిచి, దాని మీద మీ బాటను పరుచుకుని చూడండి. మామూలు రంగుల్లో మంచూ మబ్బూ రెండూ తెల్లగానే ఉంటాయి, కంటికి కనిపించని హ్రస్వ పరారుణ కాంతిని కలిపిన కృత్రిమ రంగుల చిత్రంలో అయితే ఆ రెండూ విడివిడిగా తెలిసిపోతాయి. నాసా ఉపగ్రహాల మీద ఉన్న మోడిస్ అనే పరికరం తీసే చిత్రాలు రోజూ వస్తాయి గానీ అంత సూక్ష్మంగా ఉండవు. మంచు రేఖ వారం వారం ఎంత పైకి జరుగుతోందో చూడటానికి అవి చాలు. ఒక జాగ్రత్త ఉంది. దట్టమైన అడవిలో చెట్ల కింద ఉన్న మంచు ఈ చిత్రాల్లో కనిపించదు, అక్కడ నేల ఖాళీగా ఉన్నట్టే అనిపిస్తుంది. ఆ ముక్క కోసం స్థానిక అటవీ కార్యాలయాన్నో, ఆ వారంలో వెళ్లి వచ్చినవారినో అడగక తప్పదు. వెళ్లి వచ్చినవారి మాటలు చదివేటప్పుడు తేదీతో పాటు వాళ్లు ఏ గంటకు ఆ చోట ఉన్నారో, కాళ్లకు ఏం తొడుక్కున్నారో కూడా చూడండి. మధ్యాహ్నం ఒంటిగంటకు మెత్తని మంచులో బూటు మడమ దిగేసుకుంటూ నడిచినవారు బాట సులువుగా ఉందంటే అది నిజమే, అదే వాలును ఉదయం ఆరింటికి చేరినవారు అడుగు కూడా వేయలేకపోయామంటే అదీ నిజమే.

ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి మంచు ఉపరితలం తన వేడిని ఆకాశంలోకి వదిలేసి గట్టిపడుతుంది. గాలి ఉష్ణోగ్రత సున్నాకు రెండు మూడు డిగ్రీలు పైన ఉన్నా ఇది జరగగలదు. తెల్లవారేసరికి ఆ పైపొర మీద బూటు అంచుతో తన్నినా గీత కూడా పడదు. తూర్పు వాలుకు తొలి ఎండ తగులుతుంది కాబట్టి అది ముందు మెత్తబడుతుంది. ఉత్తరపు వాలు పదింటి దాకా, కొన్నిచోట్ల మధ్యాహ్నం దాకా గట్టిగానే ఉండిపోతుంది. పైపొర రెండు మూడు అంగుళాల మేర మెత్తబడి, అడుగున ఇంకా గట్టిదనం ఉన్న ఆ కొద్దిసేపే నడకకు అన్నివిధాలా అనువైన వేళ. తర్వాత ఎండ ముదిరేకొద్దీ అడుగు అడుగుకూ మోకాలి దాకా, ఒక్కోసారి తొడ దాకా దిగబడుతుంది. అలా దిగబడుతూ నడిస్తే శక్తి హరించుకుపోవడం ఒక్కటే కాదు, కాలు దిగిన చోట రాయి ఉంటే ముందుకు తూలే ఒంటి బరువుకు మోకాలు మెలిపడుతుంది. ఈ కాలంలో నేను చూసిన గాయాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. రాత్రంతా మబ్బు పట్టి ఉంటే ఆ మబ్బు దుప్పటిలా వేడిని బయటికి పోనివ్వదు, మంచు గట్టిపడదు, ఉదయం నుంచే దిగబడుతుంది. అలాంటి రోజున ఉదయాన్నే లేచినా పెద్దగా కలిసిరాదు. మొదటి మంచు మేట దగ్గరే బూటు చీలమండ దాటి దిగితే, పైన ఎలా ఉంటుందో ఊహించుకుని అక్కడే నిర్ణయం తీసుకోవడం మంచిది.

ఇప్పుడు అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసిన చోటుకు వస్తాను. బాట కొండ వాలును అడ్డంగా కోసుకుంటూ వెళ్లే చోట మంచు మిగిలి ఉంటే, నేలను చదును చేసి వేసిన ఆ బాట మాయమైపోయి, కొండ అసలు వాలే మీ పాదాల కింద ఉంటుంది. ముప్పై డిగ్రీలు దాటిన గట్టి మంచు వాలు మీద జారిన మనిషి క్షణాల్లోనే ఆపుకోలేనంత వేగం అందుకుంటాడు. అందుకని అడుగు పెట్టేముందు వాలు ఎంత నిటారుగా ఉందని చూడటంతో పాటు, జారితే ఎక్కడికి చేరతాం అన్నది చూడాలి. కింద చదునైన మంచు మైదానం ఉంటే జారడం వల్ల బట్టలు తడుస్తాయి, అంతే. కింద బండరాళ్లో, కొండ అంచో, సగం కరిగిన సరస్సో ఉంటే వాలు పాతిక డిగ్రీలే అయినా నేను కొత్తవారిని దాటించను. వాలు వెడల్పు ఇరవై అడుగులే కదా అనుకోవద్దు. జారడానికి ఒక్క అడుగు చాలు.

పరికరాల గురించి మీరు అడగలేదు గానీ చెప్పడం అవసరం. బూట్లకు తొడిగే మైక్రోస్పైక్స్ తక్కువ వాలున్న గట్టి మంచు మీద చక్కగా పట్టు ఇస్తాయి. నిటారు వాలు మీద వాటి పొట్టి పళ్లు చాలవు, పైగా రబ్బరు పట్టీ పక్కకు జరిగి బూటు అంచున పళ్లు లేకుండా పోతాయి. అవి కాళ్లకు ఉన్నాయన్న ధైర్యంతోనే చాలామంది తమకు మించిన వాలు మీదికి వెళుతున్నారని నా అభిప్రాయం. నిటారు వాలుకు క్రాంపాన్లు (బూట్లకు బిగించే పొడవాటి లోహపు పళ్ల చట్రాలు), ఐస్ యాక్స్ (మంచులో గుచ్చి పట్టు తెచ్చుకునే చిన్న గొడ్డలి) కావాలి. ఐస్ యాక్స్‌తో జారుడును ఎలా ఆపుకోవాలో, ప్రమాదం లేని చిన్న వాలు మీద, అన్ని భంగిమల్లో జారుతూ, చేతులకు అలవాటయ్యేదాకా నేర్చుకుని ఉండాలి. నేర్చుకోని చేతిలో అది గాయపరిచే వస్తువే. ట్రెకింగ్ కర్రలు తూకానికి ఉపయోగపడతాయి, జారుతున్న మనిషిని ఆపలేవు. ఫోనులో పెట్టుకున్న జీపీఎస్ గీత విషయంలోనూ ఒక మాట ఉంది. ఆ గీత మంచు లేనప్పటి బాటది. గీత అడ్డ వాలు మీదుగా పోతుంటే, కాస్త కిందికి దిగి చదునుగా ఉన్న చోట దాటి మళ్లీ బాట ఎక్కడం చాలాసార్లు వీలవుతుంది. మంచు మీద ఉన్న పాత అడుగుజాడలను కూడా కళ్లు మూసుకుని అనుసరించవద్దు. ఆ మనిషి దారి తప్పి తిరిగి ఉండవచ్చు, లేదా అతను వెళ్లాక కింది మంచు పలచబడి ఉండవచ్చు.

మంచు పైనుంచి మాత్రమే కరగదు. ఎండకు కాగిన బండరాయి తన చుట్టూ ఉన్న మంచును పక్కల నుంచి కరిగిస్తుంది, చెట్టు మొదలూ అంతే. పైకి చూస్తే బండ అంచు దాకా మంచు ఒకే పరుపులా కనిపిస్తుంది, కర్రతో పొడిస్తే బండకూ మంచుకూ మధ్య నడుము లోతు ఖాళీ బయటపడుతుంది. కాబట్టి మంచు మీద నుంచి రాయి మీదికి అడుగు మార్చేటప్పుడు ఆనుకుని వేయకుండా, కర్రతో పొడిచి చూసి, కాస్త దూరం నుంచి పెద్ద అడుగు వేయండి. దీనికంటే ప్రమాదకరమైనవి వాగుల మీది మంచు వంతెనలు. కింద నీరు పారుతూ లోపలి నుంచి గుహలా తొలుచుకుపోతుంటే పైన మాత్రం తెల్లని పలక మిగులుతుంది. పక్కలకు తెరిచి ఉన్న చోట వంగి చూస్తే పలక మందం తెలుస్తుంది. మధ్యలో కొంచెం కుంగినట్టున్న గీత, చుట్టూ ఉన్నదానికంటే ముదురు బూడిద రంగులో తడిసినట్టున్న మచ్చ, కాళ్ల కింద బోలుగా వినిపించే నీటి చప్పుడు కనిపించినా వినిపించినా వెనక్కి రావాలి. ఉదయం గట్టిగా గడ్డకట్టి నలుగురినీ మోసిన వంతెన మధ్యాహ్నం ఒక్కరిని కూడా మోయకపోవచ్చు. పలక విరిగి కింది ప్రవాహంలో పడితే మంచు కిందికి కొట్టుకుపోయే అవకాశం ఉంది, అక్కడి నుంచి బయటికి లాగడం పక్కనున్నవారికి సాధ్యం కాదు. మీది తిరిగి వచ్చే దారి కూడా అదే అయితే ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

మీ ప్రణాళికలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది వాగు. కరుగుతున్న మంచు నుంచి పుట్టే వాగు తెల్లవారుజామున సన్నగా ఉండి, పగలంతా పెరుగుతూ పోయి, సాయంత్రం వేళకు పోటెత్తుతుంది. మంచుకు దగ్గరగా ఉన్న చిన్న పాయలు మధ్యాహ్నానికే ఉబ్బుతాయి. దూరం పోయేకొద్దీ ఆ నీరు చేరడానికి ఇంకా కొన్ని గంటలు పడుతుంది కాబట్టి, కింది పెద్ద వాగుల్లో ఉద్ధృతి చీకటి పడ్డాక కూడా పెరగవచ్చు. మీరు పదింటికి మోకాలి కింద నీటిలో నవ్వుకుంటూ దాటిన వాగు, సాయంత్రం ఐదింటికి అలసిపోయి తిరిగి వచ్చేసరికి తొడ లోతున, మట్టి రంగులో, అడుగున రాళ్లు దొర్లే చప్పుడుతో ఎదురవుతుంది. నీటి తాకిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెట్టింపయితే కాళ్ల మీద పడే తోపు నాలుగింతలవుతుంది, లోతు పెరిగి నీరు తగిలే భాగం కూడా ఎక్కువైతే అది ఇంకా పెరుగుతుంది. వేగంగా పారే నీరు మోకాలు దాటితే దాటవద్దన్న పాత హెచ్చరికను నేను ఇప్పటికీ పాటిస్తాను.

దాటవలసి వస్తే, ఇరుకైన చోటు దగ్గరగా కనిపిస్తుంది కాబట్టి అక్కడే దాటాలనిపిస్తుంది గానీ, లోతూ వేగమూ అక్కడే ఎక్కువ. వాగు వెడల్పుగా పరుచుకుని పాయలుగా చీలిన చోటు వెతకండి, అందుకోసం అరగంట పైకో కిందికో నడవడానికి వెనుకాడవద్దు. పడితే కొట్టుకుపోయే దిశలో జలపాతం, పడిపోయిన చెట్ల గుబురు, మంచు వంతెన ఉన్నచోట నీరు ఎంత తక్కువగా ఉన్నా దిగవద్దు. బూట్లు విప్పి ఉత్త కాళ్లతో దాటవద్దు. నీటి చలికి పాదాలు ఒకటి రెండు నిమిషాల్లోనే తిమ్మిరెక్కి, ఏ రాయి మీద పడుతున్నాయో తెలియదు. బ్యాగు నడుము పట్టీ, ఛాతీ పట్టీ ముందే విప్పండి, పడితే దాన్ని వదిలించుకోగలగాలి. నీరు వచ్చే వైపుకు ముఖం పెట్టి, కర్రను ముందు ఆనించి, ఎప్పుడూ రెండు ఆధారాలు నేలకు ఆనుకుని ఉండేలా పక్కకు జరుగుతూ దాటాలి. నలుగురున్నారు కాబట్టి ఒకరి వెనుక ఒకరు ముందున్నవారి భుజాలు పట్టుకుని, బలమైనవారు ముందు నిలబడి, అందరూ కలిసి కదలడం మంచి పద్ధతి. తాడు నడుముకు కట్టుకుని మాత్రం దాటవద్దు. పడినప్పుడు ఆ తాడే మనిషిని నీటి అడుగున పట్టి ఉంచుతుంది. తడిసి బెరడు ఊడిన దుంగ మీద నడవడం కంటే చాలాసార్లు నీళ్లలో దిగడమే మేలు.

సరస్సు చేరాక అందరి చూపూ తెల్లని పలక మీదికి పోతుంది, దాని మీద నిలబడి ఫొటో తీసుకోవాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయవద్దు. వేసవి మంచుపలక మందంగా ఉన్నంత మాత్రాన బలంగా ఉందని కాదు. ఎండ లోపలికి చొచ్చుకుపోయి స్ఫటికాల అతుకుల వెంబడి కరిగించడంతో, పలక మొత్తం నిలువు కడ్డీల కట్టగా మారిపోతుంది. ఒడ్డున విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుని నొక్కితే సన్నని పొడవాటి కడ్డీలుగా విడిపోతుంది. అడుగు మందం ఉన్నా అది మనిషి బరువు ఆపలేకపోవచ్చు. నీరు లోపలికి వచ్చే చోట, బయటికి పోయే చోట, ఒడ్డు వెంబడి అది మరింత బలహీనం. అలాంటి నీళ్లలో పడినప్పుడు మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పి ఎగపోస్తుంది, పదినిమిషాల లోపే చేతులు పట్టు కోల్పోతాయి. ఈత ఎంత బాగా వచ్చినవారికైనా ఇది తప్పదు. అందుకే సరదాకు మునగడం కూడా వద్దంటాను. ఒడ్డున కూర్చునే చోటు ఎంచుకునేటప్పుడు తల ఎత్తి పై గోడలను చూడండి. శిఖరం అంచున ముందుకు పొడుచుకొచ్చిన మంచు చూరు వేలాడుతుంటే, లేదా వాలు మీద దొర్లిపడిన మంచు ఉండల జాడలు కొత్తగా కనిపిస్తుంటే, ఎండ ఎక్కేకొద్దీ అక్కడి నుంచి తడి మంచు జారవచ్చు. రాత్రి పగుళ్లలో గడ్డకట్టి రాళ్లను పట్టి ఉంచిన నీరు కూడా ఎండకు కరగగానే వాటిని వదిలేస్తుంది. ఆ గోడల కింద నిలబడి భోజనాలు చేయడం తగదు.

మంచు తప్పుకున్న వెంటనే బయటపడే నేల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే దాన్ని పాడుచేసేది మనమే. కరిగిన నీరు ఇంకా ఇంకక, బాట పొడవునా బురదగా ఉంటుంది. బూట్లు పాడవుతాయని అందరూ పక్కనున్న పచ్చిక మీదికి ఎక్కి నడిస్తే, రెండు వారాల్లో ఒక బాట మూడు బాటలవుతుంది. అంత ఎత్తులో మొక్కలు పెరిగే కాలం ఏడాదికి కొన్ని వారాలే. తొక్కిన చోట మళ్లీ పచ్చదనం రావడానికి ఏళ్లు, కొన్నిచోట్ల దశాబ్దాలు పడుతుంది. బురద మధ్యలో నుంచే నడవండి, బూట్లు సాయంత్రం కడుక్కోవచ్చు. గుడారం వేస్తే రాతి నేల మీదో, గట్టి మంచు మీదో వేయండి.

మిగతావి త్వరగా చెబుతాను. అతినీలలోహిత కిరణాల తీవ్రత వెయ్యి మీటర్లకు సుమారు పది శాతం చొప్పున పెరుగుతుంది, తాజా మంచు వాటిలో ఎనభై శాతం దాకా పైకి తిప్పికొడుతుంది. కాబట్టి గడ్డం కింద, ముక్కు కింద కూడా లేపనం రాయాలి, పక్కలు మూసి ఉన్న నల్ల కళ్లద్దాలు నలుగురికీ ఉండాలి. నీటిని వడగట్టే బోలు తంతువుల ఫిల్టర్ ఉంటే రాత్రి దాన్ని పడకలో పెట్టుకోండి. లోపల నీరు గడ్డకడితే తంతువులు పగిలిపోతాయి, పగిలినట్టు బయటికి కనిపించదు. మంచు మీద ఎర్రగా పుచ్చకాయ రంగు మచ్చలు కనిపిస్తే అది ఒక రకం నాచు, ఆ మంచును కరిగించి తాగవద్దు. 3,000 మీటర్ల దగ్గర కొందరికి తలనొప్పి, వికారం వస్తాయి. తగ్గకపోతే కిందికి దిగడమే వైద్యం. ఉరుము వినిపించే మధ్యాహ్నాల్లో గడప మీద, శిఖరం అంచుల మీద ఉండకూడదు.

ఇక మీ రోజు లెక్క చూద్దాం. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ప్రకారం ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట పడుతుంది. ఆ లెక్కన మీకు పైకి నాలుగు గంటలకు కాస్త తక్కువ. విరామాలు కలిపితే ఐదు. మంచు మీది భాగానికి వేగం సగం అనుకుంటే ఆరు. ఎనిమిదికి బయలుదేరితే సరస్సు దగ్గరికి మధ్యాహ్నం రెండు, అంటే మంచు పూర్తిగా దిగబడే వేళ. తిరిగి వాగు దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం ఐదో ఆరో అవుతుంది, అంటే నీరు పోటెత్తే వేళ. రెండూ తప్పుడు గంటలే. అదే నాలుగింటికి తల దీపాలతో బయలుదేరితే వాగు సన్నగా ఉన్నప్పుడే దాటుతారు గానీ, ఆఖరి ఎక్కుడుకు ఎనిమిదింటికే చేరతారు, ఉత్తరపు వాలు ఇంకా గాజులా ఉంటుంది. క్రాంపాన్లు వాడటం వచ్చినవారికి అది మంచి వేళే, మీ నలుగురిలో ఇద్దరికి మంచు మీద నడిచిన అనుభవమే లేదన్నారు కాబట్టి మీకు కాదు.

అందువల్ల దీన్ని రెండు రోజుల ప్రయాణంగా మార్చమని సూచిస్తున్నాను. మొదటి రోజు తెల్లవారుజామున బయలుదేరి, పెద్ద వాగు దాటి, మంచు మొదలయ్యే చోటికి దిగువన పొడి నేల మీద మధ్యాహ్నానికి గుడారం వేయండి. సాయంత్రం ఖాళీగా ఉంటుంది కాబట్టి దగ్గరున్న మంచు అంచు దాకా నడిచి, ఆఖరి వాలును దూరం నుంచి బాగా పరిశీలించండి. మర్నాడు వాలుకు ఎండ తగిలి పైపొర మెత్తబడటం మొదలైన తర్వాత ఎక్కి, అడుగులు మోకాలి దాకా దిగబడకముందే దిగి, మధ్యాహ్నం లోపే వాగు దగ్గరికి చేరండి. ఒకవేళ అప్పటికే నీరు పెరిగి ఉంటే, గుడారం, తిండి మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి ఆ రాత్రి ఇవతలే ఉండిపోయి మరుసటి ఉదయం దాటవచ్చు. అందుకోసం ఒక రోజు తిండి అదనంగా తీసుకెళ్లండి. ఆలస్యం కావచ్చని ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి ఉంచితే, అక్కడ కంగారుపడి వాగులో దిగవలసిన అవసరం రాదు.

సెలవు ఒక్కరోజే దొరికితే మాత్రం అదే కొండల్లో ఇంకా తక్కువ ఎత్తున, దక్షిణానికి తెరుచుకుని, దారిలో పెద్ద వాగు లేని సరస్సును ఎంచుకుని, ఈ సరస్సును జూలైకి వాయిదా వేయండి. జూలైకైనా బయలుదేరే ముందు వారంలో ఉపగ్రహ చిత్రం చూడాలి. సరస్సు మీది తెల్లదనం పోయి నీరు నల్లగా కనిపించడంతో తృప్తిపడకుండా, గడప కింది ఉత్తరపు వాలు మీద తెల్లని చారలు మిగిలి ఉన్నాయేమో పెద్దది చేసి చూడండి. ఆ చారలు బాటను కోస్తుంటే మరో వారం ఆగండి. కోయకుండా పక్కన ఉంటే మీ దగ్గరున్న మామూలు బూట్లే సరిపోతాయి, కర్రలు మాత్రం మనిషికొకటి తప్పనిసరిగా పట్టుకెళ్లండి.